తాళం వేసిన పురిటిల్లు

ఫిల్సన్‌ను మట్టిచేసి వచ్చిన రోజు నుంచీ దహబో మొగుడితో మాట్లాడటం మానేసింది.

వండుతోంది, పెడుతోంది. పొద్దున్నే లహోహ్ అట్లు పోసి, నెయ్యి రాసి, పళ్లెం ఆయన ముందుకు జరుపుతోంది. టీ గ్లాసు చాప పక్కన పెట్టి వెనక్కి వచ్చేస్తోంది. నోరు మాత్రం విప్పడం లేదు.

షర్మార్కె కూడా అడగడం లేదు. బల్లిగీల్ ఊళ్లో రెండు తెగల మధ్య ఏ తగువొచ్చినా ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. ఎగువపేట మనిషే అయినా దిగువపేట వాళ్లు కూడా ఆయన మాటకు తలవంచేవాళ్లు. అలాంటి మనిషి ఇప్పుడు గోడవైపు తిరిగి కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాడు. పురిటింటి తాళంచెవిని తాడుకి గుచ్చి మెడలో వేసుకున్నాడు. చొక్కా లోపల అది ఎత్తుగా కనిపిస్తూనే ఉంది.

ఉబా వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంది.

గోథెన్‌బర్గ్ నుంచి విమానంలో వచ్చి, నగరంలో జీపు మాట్లాడుకుని, దారిపొడుగునా దుమ్ము మింగుతూ వచ్చింది షర్మార్కె చెల్లెలు. పెద్ద సూట్‌కేసు వాకిట్లో దించింది. వదినని కావలించుకుంది. అన్నయ్య కాళ్ల దగ్గర కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన తిరిగి పట్టుకోలేదు, విడిపించుకోనూ లేదు.

క్రితంసారి, పురిటిల్లు తెరిచిన రోజుకి ఆమె వచ్చినప్పుడు వాకిట్లో అడుగుపెట్టే చోటు లేదు. ఎగువపేట ఆడవాళ్లు, దిగువపేట ఆడవాళ్లు ఒకే చాప మీద కూర్చుని పాటలు కట్టి పాడారు. మేకని కోశారు. ముసలమ్మలు ఆమె తల నిమిరి, మన పిల్లలు ఇక దారిలో పుట్టరమ్మా అని ఏడ్చారు. ఇవాళ జీపు చప్పుడు విన్నా గోడ అవతలి నుంచి ఒక్క తల పైకి లేవలేదు.

“వదినా, ఎవరూ రాలేదేం?” అంది ఉబా.

“వస్తే ఏం మాట్లాడాలో తెలీక” అంది దహబో. పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ, ఆడపడుచు మొహం చూడకుండా అంది.

ఉబా సూట్‌కేసు తెరిచింది. పసిపిల్లల్ని తూచే తక్కెడ, రబ్బరు చేతి తొడుగుల పెట్టెలు, మెత్తటి చిన్న దుప్పట్లు. ఒక్కొక్కటీ తీసి చాప మీద పెడుతుంటే దహబో వాకిలి వైపు చూసింది.

“అవి లోపల పెట్టేయి. ఎవరైనా చూస్తే బాగుండదు.”

“పురిటింటి కోసం తెచ్చాను వదినా.”

“తాళం ఉన్న ఇంటికి దుప్పట్లెందుకు?”

షర్మార్కె జపమాల ఆగింది. మళ్లీ కదిలింది.

ఆ పురిటిల్లు ఏ దొరగారి దానమో కాదు. ఊరు కట్టుకున్నది. వాగులోంచి రాళ్లు ఊరివాళ్లే మోశారు. ఇసుక గాడిద బండ్ల మీద తోలారు. ఎడారి ఎండల్లో సిమెంటు కలపడానికి నీళ్లు దొరక్కపోతే, ఆడపిల్లలు తలా ఒక డబ్బా తెచ్చి పోశారు. ఆ నీళ్లు తెచ్చిన పిల్లల్లో దిగువపేట పిల్ల ఫిల్సన్ ఒకతె. అప్పటికి ఆమెకి పెళ్లి కూడా కాలేదు. రేకులు, మంచాలు, జనరేటరు, నర్సు జీతం గోథెన్‌బర్గ్‌లోని ఎగువపేట వాళ్లూ, టొరంటోలోని దిగువపేట వాళ్లూ కలిసి చూసుకున్నారు. అక్కడ ముసలివాళ్ల ఆశ్రమాల్లో పక్కబట్టలు మార్చే ఆడవాళ్లు, టాక్సీలు తోలే మగవాళ్లు. వాళ్లలో ఒక్కరికి కూడా సొంత ఇల్లు లేదని, అక్కడి ఎగువపేట సంఘం తరఫున డబ్బు పంపే ఉబా ఎప్పుడో చెప్పింది.

తెరిచిన కొన్నాళ్లకే టొరంటో వాళ్లు ఒక బోర్డు పంపారు. వాళ్ల మూలపురుషుడి పేరు దాని మీద రాసుంది. దిగువపేట కుర్రాళ్లు దాన్ని గేటుకి బిగించారు. ఎగువపేట కుర్రాళ్లు పీకబోయారు. రాళ్లు రువ్వుకున్నారు. ఒక పిల్లాడికి కన్ను పోయింది. అప్పుడు పెద్దలు కూర్చుని తాళం వేయించారు. బోర్డు సంగతి తేలేదాకా తెరవకూడదు, రెండు వైపులా ఒప్పుకోకుండా ఎవరు తెరిస్తే వాళ్లే గొడవ మొదలుపెట్టినట్టు, అని కట్టడి చేశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలంటే, రెండు పేటలవాళ్లూ ఒకే పేరు చెప్పారు.

ఆ నమ్మకమే ఆ సాయంత్రం షర్మార్కె కాళ్లకి అడ్డం పడింది.

దహబోకి కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. సందెవేళ నమాజు అయిపోయింది. గాడిద బండి మీద ఫిల్సన్‌ను పురిటింటి గేటు దగ్గర పడుకోబెట్టి, ఆమె తల్లి అంబరో చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకే నర్సు ఇడిల్. పిల్ల ఎదురుకాళ్లతో వస్తోంది, రక్తం పోతోంది, లోపలికి తీసుకెళ్తే ఏదో చేస్తానని నర్సు చెబుతోంది. షర్మార్కె గుంజకున్న తాళంచెవి అందుకున్నాడు. దిగువపేట పెద్ద రోబ్లే అప్పటికే సరేనన్నాడు. ఎగువపేట పెద్దలు మాత్రం ఆయన్ని పక్కకి పిలిచి, గోథెన్‌బర్గ్ వాళ్లని ఒక మాట అడుగు, లేకపోతే రేపు నర్సు జీతం ఆపేస్తారు అన్నారు. షర్మార్కె తాళంచెవిని మళ్లీ గుంజకి తగిలించి, ఫోనుకి సిగ్నల్ అందడం కోసం పెరట్లోకి వెళ్లాడు.

తలుపు తెర వెనక దహబో నిలబడి ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో తాళంచెవి.

ఆమె చెయ్యి చాచలేదు.

ఊరి కట్టడి మగాళ్లు చేసింది, మగాళ్లే విప్పాలి అనుకుందో, మొగుడు ఎలాగూ తిరిగొచ్చి తీసుకెళ్తాడనుకుందో, ఇప్పుడు ఎంత తలుచుకున్నా తెలియడం లేదు. ఆయన తిరిగొచ్చి, గంట ఆగమన్నారని తెర దగ్గర ఆమెకి మాత్రం చెప్పాడు. ఆ గంటా వాకిట్లో అంబరో కూర్చోలేదు. నిలబడే ఉంది. ఆ తరవాత ఫోను ఎత్తేవాళ్లే లేరు. ఫిల్సన్ మొగుడు సహల్ ఎవరి కాళ్లో పట్టుకుని, నగరం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి పికప్ తెచ్చాడు. వాగు దాటకముందే ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడ్చింది. తల్లి ఆ ఏడుపు విందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

“గంట ఆగమన్నావు” అంది దహబో ఉబాతో ఇప్పుడు, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

ఉబా చేతిలోని దుప్పటి అలాగే ఉండిపోయింది.

“తొలి కాన్పు కదా, తెల్లారేదాకా టైముంటుంది అనుకున్నాను వదినా. ఆలోపు టొరంటో వాళ్లతో మాట్లాడి బోర్డు తీయించేద్దామని. పనిలోకి వెళ్తే ఫోను బీరువాలో పెట్టి తాళం వేయాలి. అక్కడ రూలు అది. ఒక ముసలాయన ఒళ్లు తుడుస్తున్నాను ఆ టైములో. బయటికొచ్చి చూస్తే అన్నయ్య ఫోన్లు...”

“రక్తం పోతోందని చెప్పలేదా ఆయన?”

ఉబా అన్న వైపు చూసింది. షర్మార్కె గోడనే చూస్తున్నాడు.

“నొప్పులొస్తున్నాయన్నాడు” అంది ఉబా చిన్నగా.

షర్మార్కె మొదటిసారి నోరు విప్పాడు. “నేను సరిగ్గా చెప్పలేకపోయాను.” ఆగి, ఇద్దరి వైపూ తిరిగాడు. ఎవరితో మాట్లాడానో, ఏం మాట్లాడానో ఈ గడప దాటకూడదన్నాడు. పెద్దల ముందు ఫోను అందలేదనీ, తానే సొంతంగా ఆగాననీ చెప్పేశాడట. ఇవాళ చెట్టుకింద సభలో కూడా అదే చెబుతాడట. గోథెన్‌బర్గ్ మాట వల్ల మనిషి పోయిందని తెలిస్తే దిగువపేట ఊరుకోదు, టొరంటో ఊరుకోదు, అటూ ఇటూ సాయం ఆగిపోతుంది, పురిటిల్లు గోడలుగా మిగిలిపోతుంది. తన ఒక్కడి మీద పడితే తనతో పోతుంది.

“నీతో పోతుందా?” అంది దహబో. అన్ని రోజుల తరవాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట అది. “పోయింది నువ్వా?”

ఆయన తలపాగా చుట్టుకుని, కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

అంతకుముందు చావింటి పరామర్శకి దహబో వెళ్లకపోలేదు. వెళ్లింది. వాకిట్లో ఖురాను చదువుతున్నారు. ఆడవాళ్లు ఆమెను చూసి జరగలేదు. గుమ్మం దగ్గరే కూర్చుంది. అందరికీ టీ వచ్చింది, ఆమె దాకా రాలేదు. అంబరో పసిపిల్లని ఒళ్లో వేసుకుని, దూదితో మేకపాలు నోట్లో పిండుతోంది. ఒక్కసారి తలెత్తి దహబోని చూసి, మళ్లీ పిల్ల మీదికి వంగిపోయింది. తిట్టినా బాగుండేదని దహబో దారిపొడుగునా అనుకుంది.

సభ ఊరి బయట తుమ్మచెట్టు కింద. ఆడవాళ్లు కూర్చోరు అక్కడ, టీ ఇచ్చి వస్తారు. దహబో రెండు ఫ్లాస్కులు నింపుకుని బయల్దేరింది. ఉబా తానూ వస్తానంది. ఇంట్లోనే ఉండమని దహబో గట్టిగా చెప్పింది. నిన్ను చూస్తే కుర్రాళ్లు ఊరుకోరు అంది. అది నిజమే. కానీ ఆమె మనసులో ఉన్నది అదొక్కటే కాదు. మొగుడు అబద్ధం చెబుతుంటే ఆ చెల్లెలి మొహం చూడలేననిపించింది.

చెట్టు నీడలో ఎగువపేట పెద్దలు ఒకవైపు, దిగువపేట పెద్దలు ఒకవైపు. మధ్యలో మసీదు షేక్. కుర్రాళ్లు ఎండలోనే నిలబడ్డారు. దూరంగా ఆడవాళ్ల గుంపు, అందులో పసిపిల్లతో అంబరో.

రోబ్లే నెమ్మదైన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా జరిగినదంతా వరసగా చెప్పాడు. చివరికి అడిగాడు. “షర్మార్కె, నేను తెరవమన్నాను. నువ్వు తెరవలేదు. ఎవరు ఆపారు నిన్ను?”

“ఎవరూ ఆపలేదు. కట్టడికి భయపడి నేనే ఆగాను. తప్పు నాది. పోయిన ప్రాణానికి రక్తధనం ఎంతంటే అంత మావాళ్లు కడతారు.”

దహబో గ్లాసుల్లో టీ పోస్తోంది. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అనేశాడో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

పెద్దల్లో ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. తప్పు ఒప్పుకున్న మనిషి దొరికితే తగువు సగం తీరినట్టే. ఒంటెల లెక్క మొదలైంది. ఆడమనిషి కాబట్టి మగవాడి లెక్కలో సగం అని ఒకాయన గుర్తుచేశాడు. పిల్ల బతికింది కదా అని ఇంకొకాయన అన్నాడు. ఎగువపేట పెద్ద ఒకాయన టీ తాగి గ్లాసు కింద పెడుతూ, ఇక పురిటిల్లు సంగతి, విదేశాల్లో ఉన్న మనవాళ్లు రెండు వైపులా రాజీకొచ్చేదాకా తాళం అలాగే ఉంచుదాం, గొడవ ఎందుకు అన్నాడు. చాలా తలలు ఊగాయి.

దహబో ఫ్లాస్కు నేలమీద పెట్టేసింది.

అప్పటికే అంబరో గుంపు దాటి ముందుకొచ్చింది. ఎవరో ఆడదాన్ని వెనక్కి పంపమన్నారు. రోబ్లే చెయ్యెత్తి ఆపాడు.

“నాకు ఒంటెలు వద్దు” అంది అంబరో. గొంతు పెద్దది చేయలేదు. “వాటికి మేతెక్కడుంది, నీళ్లెక్కడున్నాయి. నాకో మాట చెప్పండి. నేను ఈయన వాకిట్లో నిలబడ్డప్పుడు ఈయన పెరట్లో ఫోనులో మాట్లాడాడు. ‘ఆగాలా’ అని అడగడం విన్నాను. ఎవర్ని అడిగాడు?”

షర్మార్కె నేల చూస్తున్నాడు. “ఎవర్నీ కాదు.”

“సరే. నువ్వు చెప్పు” అంది అంబరో, దహబో వైపు తిరిగి. “తెర కింద నీ కాళ్లు కనిపించాయి నాకు.”

తుమ్మచెట్టు కింద తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి మాటకి నలుగురిలో ఎదురు చెప్పలేదు దహబో. చెప్పాల్సిన అవసరం పడలేదు కూడా. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. ఇవాళ ఆయన ఆడుతున్న అబద్ధం కూడా తన కోసం కాదు. అది తెలిసే ఆమె నోరు ఇంతసేపు మూతపడి ఉంది. కానీ తాళం అలాగే ఉంచుదాం అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. రేపు ఇంకో బండి వస్తుంది ఆ గేటు ముందుకి.

“ఉబాని అడిగాడు” అంది దహబో. “గోథెన్‌బర్గ్‌లో ఉన్న మా ఆడపడుచుని. గంట ఆగమంది. ఆ తరవాత ఫోను తీయలేదు.” ఊపిరి తీసుకుంది. “తాళంచెవి నా పక్కనే గుంజకి ఉంది అంబరో. నేనే తీసుకుని పరుగెత్తి ఉండాల్సింది. పరుగెత్తలేదు. అది ఎవరూ చెప్పినందుకు కాదు.”

కుర్రాళ్లలో గోల మొదలైంది. షేక్ కర్రతో నేలమీద కొట్టాడు.

షర్మార్కె లేచి నిలబడ్డాడు. భార్య వైపు చూడకుండా, సభ వైపు తిరిగి అన్నాడు. “నా భార్యకి నిద్ర లేదు. ఫిల్సన్ చావుతో మతి చెదిరింది. ఆమె మాట పట్టించుకోవద్దు. నేను ఎవరినీ అడగలేదు.”

దహబో ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మనిషి తనను పిచ్చిదాన్ని చేసినందుకు కాదు. ఆయన గొంతులో అది పలికిన తీరు. అలవాటులేని వాడు మొదటిసారి కత్తి పట్టుకున్నట్టుంది.

రోబ్లే షర్మార్కె వైపు తిరిగాడు. ఇద్దరూ కలిసి ఒంటెలు కాసినవాళ్లు. ఖురాను మీద చెయ్యేసి చెప్పగలవా అని అడిగాడు. చెప్పగలనన్నాడు షర్మార్కె. గ్రంథం తెమ్మని మనిషిని మసీదుకి పంపారు.

ఎదురుచూస్తూ కూర్చున్నారు అందరూ. ఎవరూ టీ అడగలేదు. పసిపిల్ల ఏడుస్తుంటే అంబరో భుజం మీద వేసుకుని ఊపుతోంది. దహబో నిలబడ్డ చోటే నిలబడింది. ఆయన ఆ చెయ్యి వేస్తే ఆ తరవాత ఆయన్ని ఎలా చూడాలో, ఆయన వెనక నమాజు ఎలా చేయాలో ఆమెకి పాలుపోలేదు. వద్దని చెప్పాలని ఉంది. కానీ ఆపాలంటే మళ్లీ అదే నిజం చెప్పాలి, దాన్ని ఆయన ఇప్పుడే పిచ్చి మాటగా తేల్చేశాడు.

తెల్లగుడ్డలో చుట్టిన గ్రంథం వచ్చింది. దాని వెనకే, ఇంట్లో ఉండమన్న మనిషి కూడా వచ్చింది.

ఉబా సరాసరి మగవాళ్ల మధ్యలోకి నడిచింది. దుమ్ము కొట్టుకుపోయిన విదేశీ బూట్లు, జారిపోతున్న ముసుగు. అన్నయ్యకీ గ్రంథానికీ మధ్య నిలబడింది.

“వద్దన్నయ్యా. నేనే చెప్పాను.” సభ వైపు తిరిగింది. “మా వదిన చెప్పింది నిజం. గంట ఆగమన్నాను. బోర్డు తీయిస్తేనే తెరవమన్నాను. ఆ గంటలో నేను పనిలోకి వెళ్లిపోయాను.”

షర్మార్కె కూర్చుండిపోయాడు. ముసలితనం ఆయన మీద ఆ ఒక్క క్షణంలోనే వచ్చి పడినట్టుంది.

ఆ తరవాత సభ సభలా లేదు. ఇది ఇక షర్మార్కె తప్పు కాదు, గోథెన్‌బర్గ్ వాళ్ల తప్పు, వాళ్లే లెక్క చెప్పాలన్నారు దిగువపేట కుర్రాళ్లు. బోర్డు పెట్టి గొడవ తెచ్చిందెవరని ఎగువపేట వాళ్లు ఎదురు తిరిగారు. అప్పుడే ఇద్దరు ముగ్గురు చెవి దగ్గర ఫోన్లు పెట్టుకుని దూరంగా జరిగి గోథెన్‌బర్గ్‌కీ టొరంటోకీ జరిగింది జరిగినట్టు చెప్పేస్తున్నారు. షేక్ కర్ర చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

ఆ గోలలో అంబరో షర్మార్కె ముందుకొచ్చి చెయ్యి చాచింది. ఏమీ అడగలేదు.

ఆయన తల వంచి, మెడలోని తాడు తీసి, తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. కట్టడి సంగతి గుర్తుచేయడానికి ఒక పెద్దాయన లేవబోయాడు. రోబ్లే ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

ఆడవాళ్లు కదిలారు. రెండు పేటల ఆడవాళ్లూ. ఎవరూ మాట్లాడుకోలేదు, పక్కపక్కన నడిచారు. ఫిల్సన్ పోయాక ఎవరో బోర్డు పీకేయగా మేకులు మాత్రమే మిగిలిన గేటు ముందు అంబరో తాళం తీసింది. గాలికి లోపలికి కొట్టుకొచ్చిన ఇసుక గుమ్మం దగ్గర పిడికెడు ఎత్తున పేరుకుంది. చీపుర్లు వచ్చాయి. నర్సు ఇడిల్ మంచాల మీది ప్లాస్టిక్ తీసి దులుపుతోంది.

దహబో అందరికంటే వెనక వచ్చింది. గేటులో అడుగు పెట్టబోతుంటే అంబరో అడ్డం నిలబడింది.

“నువ్వు రాకు.”

“నిజం చెప్పాను కదక్కా.”

“చెప్పావు. ఆ సాయంత్రం చెప్పాల్సింది.” అంబరో గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప. “అందరూ రావచ్చు ఇక్కడికి. నువ్వు మాత్రం నాకు కనిపించకు. ఇంకా కాదు.”

దహబో ఇంటికి తిరిగొచ్చింది.

షర్మార్కె అప్పటికే వచ్చి ఉన్నాడు. గోడవైపు కాదు, గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. ఉబా వాకిట్లో సూట్‌కేసు మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. చాప మీద దుప్పట్లు అలాగే ఉన్నాయి.

“నువ్వు చెప్పింది నిజం” అన్నాడు షర్మార్కె. “నేను గ్రంథం మీద చెయ్యేసి అబద్ధమాడేవాణ్ణి. అల్లా నన్ను ఆపాడు, నువ్వు కాదు. నిన్ను నలుగురిలో పిచ్చిదానివన్నాను. నిన్ను చూసినప్పుడల్లా ఆ మాటే వినిపిస్తుంది నాకు. ఈ ఇంట్లో నీ పక్కన కూర్చుని తినలేను.”

ఆయన ఏం అనబోతున్నాడో దహబోకి అర్థమైంది. ఉబా లేచి, అన్నయ్యా అంది. ఆయన వినిపించుకోలేదు.

“తలాఖ్” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అని, ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు తానే బిత్తరపోయినట్టు చూశాడు.

ఒక్కసారే అన్నది మూడు నెలల గడువులోపు వెనక్కి తీసుకోవచ్చు. గడువు అయ్యేదాకా ఆడమనిషి ఆ ఇంట్లోనే ఉండొచ్చు కూడా. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

దహబో లోపలికెళ్లి బట్టలు మూట కట్టుకుంది. ఉబా వెనకే వచ్చింది. ఏడుస్తూ చెప్పింది. సంఘంలోంచి ఆమెని తీసేశారట. ఊరి ముందు తప్పు ఒప్పుకుని సంఘం పరువు తీశావని అన్నారట, ఎవరితో సంప్రదించి ఒప్పుకున్నావని నిలదీశారట. ఊరు రెండు పేటలుగా ఉన్నంతకాలం పైసా పంపేది లేదని తీర్మానించారట. టొరంటో వాళ్లు ముందు రక్తధనం తేలాలన్నారట. “ఇన్నేళ్లు నిలబెట్టింది ఒక్క పూటలో కూలిపోయింది వదినా. అన్నయ్య దానికే భయపడ్డాడు.”

“అవును” అంది దహబో. “ఆయన అనుకున్నట్టే అయింది.”

“అయితే తప్పెవరిది?”

మూట ముడి బిగిస్తున్న దహబో చేతులు ఆగాయి. ఆడపడుచు చెంప తుడిచింది. అన్నయ్యకి రాత్రి వేడి పాలు ఇవ్వమనీ, లేకపోతే నిద్రపోడనీ చెప్పింది. చెప్పాక, అది ఇక తన పని కాదని గుర్తొచ్చింది.

తన తమ్ముడి ఊరికి వెళ్లే పికప్ బజారులో నిలబడి ఉంది. దహబో డ్రైవరుతో మాట్లాడి, సీసాలో నీళ్లు పట్టుకొస్తానని మూటతోనే వెనక్కి వచ్చింది. బజారు నుంచి బావి దగ్గరికి పురిటిల్లు మీదుగానే పోవాలి. తల దించుకుని, గోడ పక్కనుంచి నడిచింది.

గేటు తెరిచే ఉంది. ఆడవాళ్లందరూ వెళ్లిపోయారు. గుమ్మం ఊడ్చి ఉంది. గడప మీద అంబరో ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. లోపల ఇడిల్ బట్టల సంచి సర్దుకోవడం కిటికీలోంచి కనిపిస్తోంది.

దహబో చూడనట్టు దాటిపోబోయింది.

“నర్సు వెళ్లిపోతానంటోంది” అంది అంబరో, తలెత్తకుండా. ఎవరితో అంటోందో తెలియలేదు మొదట. “జీతం ఎవరిస్తారని అడుగుతోంది. ఎగువపేటలో ఇద్దరికి నెలలు నిండాయట. మా పేటలో ఒకతె ఉంది. ఏం చెప్పమంటావు ఆమెకి?”

బజారు వైపు నుంచి పికప్ హారన్ వినిపించింది. డ్రైవరు త్వరపెడుతున్నాడు.

దహబో అంబరో మొహంలోకి చూసింది. అక్కడ పిలుపు లేదు. పొమ్మనడమూ లేదు. పిల్ల ఏడుపు ఆపకపోవడంతో అంబరో ఒక చేత్తో దాని వీపు నిమురుతూనే ఉంది.

హారన్ మళ్లీ మోగింది.

దహబో మూట కింద పెట్టింది. గేటు లోపల కాదు, బయట.